కింది ఉద్యోగికీ చదువు సెలవు ఇవ్వాలి

2023 జులైలో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ సహాయకులను శాశ్వత కొలువుల్లోకి తీసుకుంటూ వాళ్ల చదువుల లెక్క తీసింది. మొత్తం 20,555 మంది వీఆర్ఏల్లో 61 ఏళ్లు దాటినవారిని పక్కన పెడితే 16,758 మంది మిగిలారు. వారిలో ఏడో తరగతి దాకా చదివినవారు 10,317 మంది, పది పాసైనవారు 2,761 మంది. ఇంటర్, ఆపైన చదివినవారు 3,680 మంది. అంటే అయిదుగురిలో ఒకరికి ఇంటర్ గానీ, అంతకు మించిన చదువు గానీ ఉంది. ఇంత చదువుకుని కూడా వాళ్లు నెలకు 10,500 రూపాయలకు ఊళ్లో టముకు వేశారు, చెరువు తూముల దగ్గర కాపలా కాశారు, తహసీల్దారు ఆఫీసులో ఫైళ్లు మోశారు. పెద్ద చదువున్న వీఆర్ఏకూ, సంతకం మాత్రమే వచ్చిన వీఆర్ఏకూ పనిలో గానీ, జీతంలో గానీ తేడా లేదు. 2022లో రెండున్నర నెలలు సమ్మె చేశాకే ప్రభుత్వం కదిలింది. చదువును బట్టి కొందరిని జూనియర్ అసిస్టెంట్లుగా, కొందరిని రికార్డు అసిస్టెంట్లుగా, మిగిలినవారిని చివరి శ్రేణి ఉద్యోగాల్లో సర్దింది. మంచి పనే. అయితే ఆ సర్దుబాటు అప్పటికే ఉన్న చదువుకు గుర్తింపు మాత్రమే. ఏడో తరగతి దగ్గర ఆగిపోయిన పదివేల మందిని ఇకనైనా చదివించి పైకి తెద్దామన్న ఆలోచన అందులో లేదు. ఆ ఆలోచన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఏ శాఖలోనూ ఒక విధానంగా నిలదొక్కుకోలేదు.

ప్రభుత్వం తన దగ్గర అతి తక్కువ జీతానికి పనిచేసేవాళ్లను నర్సులుగా, సర్వేయర్లుగా, టీచర్లుగా, ఇన్‌స్పెక్టర్లుగా తీర్చిదిద్దే బాధ్యత తీసుకోవాలి. జీతంతో సెలవు ఇవ్వాలి, ఫీజు కట్టాలి, చదువు పూర్తయ్యాక పోస్టు ఇవ్వాలి. ఇది ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడకూడదు. సర్వీసు నిబంధనల్లో హక్కుగా రాయాలి.

ఇప్పుడున్న ఏర్పాటు దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంది. హోదా పెరిగేకొద్దీ ఉద్యోగి చదువు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు పెరుగుతుంది. అఖిల భారత సర్వీసు అధికారి ప్రభుత్వ ఖర్చుతో విదేశీ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసి రావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు పీజీ సీట్లలో సర్వీసు కోటా ఉంది. అలాంటి కోటా పెట్టే అధికారం రాష్ట్రాలకు ఉందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చి చెప్పింది కూడా. డాక్టర్లకు ఆ కోటా ఉండాల్సిందే. చదువు మీద ఆశ ఉంటేనే పల్లె ఆసుపత్రికి డాక్టరు వెళతాడని ప్రభుత్వం అర్థం చేసుకుంది కాబట్టే ఆ దారి వేసింది. అదే ఆసుపత్రిలో నేల తుడిచే మనిషికీ, రోగిని స్ట్రెచర్ మీద తోసుకెళ్లే మనిషికీ అలాంటి ఆశ ఉంటుందని మాత్రం ఒప్పుకోవడం లేదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1972 నాటి సెలవు నిబంధనల ప్రకారం అయిదేళ్ల సర్వీసు తర్వాత సాధారణంగా 24 నెలల దాకా చదువు సెలవు దొరుకుతుంది. అటెండరుకు ఇవ్వరాదని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. అయితే చదవబోయే కోర్సుకూ, చేసే ఉద్యోగానికీ నేరుగా దగ్గరి సంబంధం ఉండాలన్నది ప్రధాన షరతు. ఇంజినీరుకు ఎంటెక్‌తో సంబంధం చూపించవచ్చు. బల్లలు తుడిచి, ఫైళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి చేర్చే ఉద్యోగికి తన విధులతో ముడిపడ్డ డిగ్రీ ఏముంటుంది? చేస్తున్న పని నుంచి బయటపడటానికే ఆయన చదవాలనుకుంటున్నాడు. ఆ షరతు సరిగ్గా ఆ కారణానికే అడ్డం పడుతోంది. కింది ఉద్యోగి విషయంలో చూడాల్సింది చేరబోయే పనికీ, చదువుకూ ఉన్న సంబంధాన్ని.

దారి లేనిచోట ఒక్కొక్కరు ఒంటరిగా ఎదిగి వస్తున్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాత్రి కాపలాదారుగా పనిచేసిన యువకుడు 2024లో ఒకేసారి మూడు ప్రభుత్వ బోధనోద్యోగాలకు ఎంపికయ్యాడు. ప్రకాశం జిల్లాలో కానిస్టేబుల్‌గా ఉన్న యువకుడు 2018లో ఉద్యోగం వదిలేసి, 2023 సివిల్ సర్వీసెస్ పరీక్షలో 780వ ర్యాంకు తెచ్చుకున్నాడు. రాష్ట్రమంతా చప్పట్లు కొట్టింది. వాళ్ల పట్టుదలకు ఆ చప్పట్లు తగినవే. కానీ ఒకరు నిద్ర మానుకుని చదవాల్సి వచ్చింది, ఇంకొకరు చదవడానికి నౌకరీయే మానుకోవాల్సి వచ్చింది. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె, తల్లిదండ్రుల మందులు నెత్తిన ఉన్న నలభై ఏళ్ల మనిషి ఈ రెండింటిలో ఏదీ చేయలేడు. మామూలు మనిషి మామూలు కష్టంతో ఎక్కగలిగితేనే దాన్ని దారి అనాలి.

ఆరోగ్య శాఖలో ఈ అన్యాయం నిబంధనల రూపంలోనే కనిపిస్తుంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైనప్పుడు ఆశా కార్యకర్తగా 25 నుంచి 45 ఏళ్ల మధ్య వయసున్న, పెళ్లయిన లేదా భర్తను కోల్పోయిన, భర్తకు దూరమైన స్థానిక మహిళను ఎంచుకోవాలని మార్గదర్శకాలు చెప్పాయి. గర్భిణులను నమోదు చేయించడం, కాన్పుకు ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లడం, పసిబిడ్డల టీకాలు, క్షయ రోగులు మందులు మింగుతున్నారో లేదో చూడటం, ఇంటింటికీ తిరిగి బీపీ, షుగరు ఉన్నవాళ్లను గుర్తించడం, ఇవన్నీ ఆమె పనులు. పదేళ్లు ఈ పని చేసిన ఆశాకు ఊళ్లో ఎవరి గుండెకు స్టెంటు పడిందో, ఏ కోడలికి రక్తం తక్కువో చీటీ చూడకుండా తెలుసు. ఏఎన్ఎం (సహాయ నర్సు) కావడానికి ఆమె కన్నా అర్హురాలు ఎవరు? కానీ భారత నర్సింగ్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఏఎన్ఎం కోర్సులో చేరడానికి గరిష్ఠ వయసు 35 ఏళ్లు. ఆశాగా ఎంపికయ్యే వయసే 45 దాకా ఉంది. అనుభవం వచ్చేసరికి తలుపు మూసుకుపోతుంది.

ఇదే కౌన్సిల్ జీఎన్ఎం (జనరల్ నర్సింగ్) కోర్సుకు కూడా 35 ఏళ్ల పరిమితి పెట్టి, అప్పటికే ఏఎన్ఎంగా ఉన్నవాళ్లకు మాత్రం వయసు అడ్డు లేదని మినహాయించింది. చేస్తున్న పనే పాఠంలో సగమని అక్కడ ఒప్పుకున్నారు. ఆ మినహాయింపు ఒక మెట్టు కిందికి, ఆశాల దాకా రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో మన ఆశాలకు అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. దేశం గర్వపడింది. ఆ గర్వంలో నిజం ఉంటే దేశంలోని పదిలక్షల మంది ఆశాలకు ఒక ప్రవేశ పరీక్ష, కొన్ని సీట్లు కేటాయించడం ఎంత పని? ఖర్చు లెక్క కూడా చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ఆశాకు నెలకు ఇస్తున్నది 10,000 రూపాయలు. ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు. చదివినంత కాలం ఆ పదివేలు ఆపకుండా ఇస్తే ఒక్కొక్కరికి 2,40,000 రూపాయలు. ఇంత ఖర్చుతో పల్లెకు దొరికేది ఆ పల్లెను వదిలి వెళ్లని, ఊరంతా నమ్మే ఆరోగ్య ఉద్యోగి.

అంగన్‌వాడీల్లో కాగితం మీద దారి ఉంది. సూపర్‌వైజర్ పోస్టుల్లో సగం అయిదేళ్ల అనుభవమున్న కార్యకర్తలకూ, కార్యకర్తల పోస్టుల్లో సగం అయిదేళ్లు చేసిన ఆయాలకూ ఇవ్వాలని కేంద్రం పోషణ్ 2.0 మార్గదర్శకాల్లో చెప్పింది. కావాల్సిన విద్యార్హత ఆయాకు ఎలా వస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే అంగన్‌వాడీ తెరిచి, వండి, గిన్నెలు కడిగి, పిల్లలను ఇళ్లకు చేర్చే మనిషి ఆమె. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకు దిగేనాటికి ఆయా జీతం 7,000, కార్యకర్త జీతం 11,500. నలభై రెండు రోజుల ఆ సమ్మెను ఆపడానికి ప్రభుత్వం అత్యవసర సేవల చట్టాన్ని (ఎస్మా) ప్రయోగించింది. నిర్బంధంగా పని చేయించుకునేంత అత్యవసర సేవ అయినప్పుడు, ఆ సేవ చేసేవాళ్లను చదివించడం కూడా అంతే అత్యవసరం కావాలి.

పురపాలక సంఘాల్లో పరిస్థితి ఇంకా కఠినం. చీపురు పట్టిన కార్మికుడు మేస్త్రీ కావచ్చు, అదృష్టం బాగుంటే జవాను కావచ్చు. శానిటరీ ఇన్‌స్పెక్టర్ కావాలంటే ప్రత్యేక విద్యార్హత కావాలి. వీధులు ఊడ్చే పనిలో ఉన్నవాళ్లలో అత్యధికులు దళితులు. తాత ఊడ్చిన వీధినే మనవడు ఊడుస్తున్న కుటుంబాలు ప్రతి పట్టణంలో ఉన్నాయి. ఆ వరసను తెంచే శక్తి అందరికన్నా ఆ కుటుంబానికి జీతమిచ్చే ప్రభుత్వానికే ఎక్కువ. ఆ కార్మికుల్లో చాలామంది ఇప్పుడు ఔట్‌సోర్సింగ్ కింద ఉన్నారు. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్లలో ప్రభుత్వోద్యోగులకు అయిదేళ్ల వయో సడలింపు పక్కనే, పురపాలక సంఘాలు, స్థానిక సంస్థల ఉద్యోగులకు అది వర్తించదని బ్రాకెట్లో రాసి ఉన్న సందర్భాలున్నాయి. పని ప్రభుత్వానిది, మనిషి మాత్రం ప్రభుత్వం మనిషి కాదు. తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణకు పరిమితులు పెట్టిన 2006 నాటి ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లను తాత్కాలికం పేరుతో ఉంచడం తగదని, కేంద్ర జల సంఘంలో ఊడ్చే పని చేసిన మహిళల కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. ఏ కొత్త విధానమైనా ఔట్‌సోర్సింగ్ సిబ్బందిని కలుపుకోకపోతే అది అసలు అవసరమున్నవాళ్లను వదిలేసినట్టే.

ఈ ప్రతిపాదనకు వినిపించే పెద్ద అభ్యంతరం నిరుద్యోగులది. పోస్టుల్లో వాటా లోపలివాళ్లకు ఇస్తే కోచింగ్ సెంటర్లలో ఏళ్లుగా కూర్చున్న యువత ఏమవ్వాలి? ఆ బాధ నిజమే. కానీ ఒక అటెండరు జూనియర్ అసిస్టెంట్ అయితే అటెండరు పోస్టు ఖాళీ అవుతుంది, ఒక ఏఎన్ఎం స్టాఫ్ నర్సు అయితే ఏఎన్ఎం పోస్టు ఖాళీ అవుతుంది. భర్తీ చేయకుండా ఏళ్లు గడిపేస్తున్నది ప్రభుత్వం. ఆ ఖాళీల నేరాన్ని కింది ఉద్యోగి మీద వేయడం తప్పు. ప్రమాణాలు పడిపోతాయన్న మాట కూడా నిలవదు. పరీక్ష అందరికీ ఒకటే, కోర్సు ఒకటే. సెలవూ ఫీజూ ఇస్తే మార్కులు తగ్గవు. తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవక్ పరీక్ష రాసి పోస్ట్‌మన్, ఆపైన పోస్టల్ అసిస్టెంట్ అయ్యే దారి ఎప్పటినుంచో ఉంది. రైల్వేలో పట్టాల మీద పనిచేసేవాళ్లు శాఖాపరమైన పరీక్షలతో పై కొలువులకు వెళుతున్నారు. ఉత్తరాలు ఆగలేదు, రైళ్లూ ఆగలేదు.

రాష్ట్రాలు చేయాల్సిన పని స్పష్టం. ప్రతి శాఖలో సాంకేతిక, వృత్తి పోస్టుల్లో నిర్ణీత వాటాను చివరి శ్రేణి, గౌరవ వేతన, ఔట్‌సోర్సింగ్ సిబ్బందికి కేటాయిస్తూ సర్వీసు నిబంధనలను సవరించాలి. ఆ పోస్టుకు కావాల్సిన చదువు కాలమంతా జీతం ఆగకూడదు. చదువు మధ్యలో ఆగినవాళ్లచేత పది, ఇంటర్ ఓపెన్ స్కూలు ద్వారా, డిగ్రీ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా ప్రభుత్వమే పూర్తి చేయించాలి. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా దాన్ని హైదరాబాద్‌లో పెట్టింది ఇలాంటివాళ్ల కోసమే. శాఖాపరమైన పరీక్ష ఏటా ఒకే నెలలో జరగాలి. అయిదేళ్లకోసారి ఎన్నికల ముందు ప్రకటించేది పథకం అవుతుంది తప్ప దారి కాదు.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి శాసనసభ కావాలి. ఆశాల వయసు నిబంధనకు రెండూ అక్కర్లేదు. 35 ఏళ్ల పరిమితి నుంచి ఆశాలను మినహాయించాలని రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య మంత్రులు భారత నర్సింగ్ కౌన్సిల్‌కు లేఖ రాస్తే మొదలవుతుంది. వచ్చే విద్యా సంవత్సరం ఏఎన్ఎం ప్రవేశాల నోటిఫికేషన్ వెలువడేలోగా ఆ లేఖ ఢిల్లీ చేరాలి.