భూమికి చెవి ఒగ్గి

పెనుకొండ ప్రాంతంలో నిధిని చూసినవాళ్ళు తక్కువ. నిధిని గురించి చెప్పలేనివాళ్ళు అంతకంటే తక్కువ. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో రామరాయలు పడిపోయిన పిమ్మట ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగులమీద ఎక్కించుకుని పెనుకొండకు చేరాడని చరిత్రకారులు రాశారు. ఆ ఏనుగులు మావాళ్ళ ఊహల్లో నేటికీ నడుస్తూనే ఉన్నవి. అర్ధరాత్రి వేళ పాడుబడిన గుళ్ళలో నందుల పొట్టలు పగలగొట్టే మహానుభావులందరూ వాటి వెనక పడ్డవాళ్ళే.

ఇటువంటి సీమలో నాబోటి తెలుగు లెక్చరరు లోహాన్ని పసిగట్టే యంత్రం ఒకటి కొన్నాడంటే నలుగురూ నాలుగు విధాల అనుకోవడంలో వింత లేదు. నా అవసరం వేరు. పాఠం చెప్పేటప్పుడు మాడలూ, వరహాలూ, రూకలూ, కాసులూ అడుగడుగునా తగులుతవి. "అవి ఎట్లుంటాయి సార్?" అని పిల్లలు అడుగుతారు. నిఘంటువు చూసి చెప్పి చెప్పి నాకే విసుగు పుట్టింది.

యంత్రమంటే బ్రహ్మవిద్యేమీ కాదు. పొడుగాటి కర్ర చివర ఒక పళ్ళెం. పళ్ళెంలో రాగితీగ చుట్టలు. ఒక చుట్ట నేలలోకి అయస్కాంత శక్తిని పంపుతుంది. కింద లోహముంటే అందులో చిన్న చిన్న విద్యుత్తు సుడులు పుడతవి. వాటి బదులును రెండో చుట్ట వింటుంది. ఆ బదులు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నదాన్ని బట్టి ఇనుమా, రాగా అని అంచనా కట్టి, యంత్రం ఒక కూతా ఒక అంకే ఇస్తుంది. టెలిఫోను గ్రాహంబెల్ 1881లో ఇటువంటి సాధనంతోనే అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకిగుండును వెతికాడు. దొరకలేదు. పరుపులోని స్ప్రింగులు యంత్రాన్ని తికమకపెట్టినవని చెబుతారు. ఈ విద్యలో కష్టమంతా నేటికీ అక్కడే ఉంది. కావలసినదాని పక్కనే చెత్త ఉంటుంది.

హిందూపురంలో మా పెరట్లో రెండేసి అడుగుల దూరాన తెలిసిన వస్తువులే పాతిపెట్టాను: నాయనమ్మ పెట్టెలోని వెండిరూపాయి, నడుమ చిల్లి ఉన్న కానీ, నేటి రూపాయి బిళ్ళ, ఒక మేకు, బీరుబుడ్డి మూత, చాక్లెట్టు చుట్టిన రేకు. పది సాయంత్రాలు వాటిమీదనే పళ్ళెం తిప్పాను. పళ్ళెం నేలకు సమంగా పోవాలి. ఊయలలాగా కొసల్లో పైకి లేచిందా, లోతున ఉన్నది వినపడదు. తొందర అసలే పనికిరాదు. వెండిరూపాయి గుడిగంటలాగా పలికింది. మేకు గొంతు బొంగురు. నేటి రూపాయి బిళ్ళ మాత్రం అయస్కాంతానికి అంటుకునే ఉక్కుతో చేసినది గనుక, యంత్రం దానిని ఒకసారి ఇనుమంటుంది, ఒకసారి తడబడుతుంది. రాయలవారి రాగికాసుకు ఇచ్చే మర్యాద మన రూపాయికి ఇవ్వదన్నమాట!

ఇనుమునూ, రేకునూ వినపడకుండా చేసే మీట ఒకటుంది. దానిని నేను 'వివేచన' అంటున్నాను. దీనితోనే పెద్ద చిక్కు. విజయనగర కాలపు బంగారు పణం అర గ్రాము కూడా తూగదు. చిటికెనవేలి గోరుకన్నా చిన్నది. యంత్రం చెవికి అదీ, చాక్లెట్టు రేకూ దాదాపు ఒకే గొంతుతో మాట్లాడతవి. రేకు వద్దంటే పణం కూడా పోతుంది. పణం కావాలంటే ఊళ్ళో పిల్లలు తిని పారేసిన రేకులన్నీ ఏరుకోవాలి.

ధర్మవరంలో చిన్నమ్మగారి పెరడు నాకు రెండో బడి. ఒకప్పుడు అక్కడ గుంటమగ్గాలుండేవి. నేలనిండా మేకులూ, నాడెల కొసలకు వేసే ఇనుప మొనలూ. తుప్పుపట్టిన ఇనుము కొన్నిసార్లు వెండిగొంతుతో మోసం చేస్తుంది. అప్పుడు పక్కకు జరిగి అడ్డంగా ఇంకోసారి తిప్పి చూడాలి. నాణెమైతే రెండు వైపులా ఒకే తీరున పలుకుతుంది, మేకైతే మాట మారుస్తుంది. "ఇంతసేపు వంగితే పెరడంతా కలుపు తీసుండొచ్చు గదరా" అన్నది చిన్నమ్మ.

ఇక మా ఎర్రనేల. అందులో ఇనుము పాలు ఎక్కువ గనుక నేలే కూస్తుంది. పొలం మారినప్పుడల్లా, ఏ లోహమూ లేనిచోట పళ్ళేన్ని పైకీ కిందికీ ఆడించి, 'ఇది వట్టి మన్ను' అని యంత్రానికి నచ్చజెప్పాలి. ఇంత చేసినా నాణెం జానెడు లోతు దాటితే వినపడడం కష్టం. పది గజాల కిందనున్న బిందెను చూపే యంత్రమని లక్షలు గుంజేవాళ్ళ మాట నమ్మబోకండి.

మొన్న పాత విద్యార్థి ఒకడు వచ్చి, "ఒక్క రాత్రికి ఇవ్వండి సార్, కోటలోకి పోయొస్తాం" అన్నాడు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరమని చెప్పాను. వాడికి చట్టం కన్నా నా మొహం ఎక్కువ అర్థమైనట్టుంది, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. చట్టం లేకపోయినా ఇచ్చేవాణ్ణి కాను. గోడ పక్కన పడిన కాసు, ఆ మట్టిపొరలో, ఆ కుండపెంకుల మధ్య ఉన్నంతవరకే అక్కడ ఎవరెప్పుడు తిరిగారో చెప్పగలదు. జేబులో పడ్డాక దానికి బరువొక్కటే మిగులుతుంది.

అందుకని పెనుకొండకు ఇవతల, మామగారి చేనికి పోయాను. శనక్కాయ పెరికిన తర్వాత, ఆయన అనుమతితో. మూడు ఆదివారాల్లో దొరికినవి: ఎద్దుల లాడాలు, కర్రు ముక్క, లెక్కలేనన్ని గుట్కా పొట్లాల రేకులు. నాలుగో ఆదివారం వేపచెట్టు నీడలో గట్టిగా, రెండు వైపులా ఒకే తీరున పలికింది. బెత్తెడు లోతున పచ్చబారిన రాగికాసు. ఒకవైపు ఎద్దు జాడ, మరోవైపు అరిగిన నాగరి గీతలు. ఏ రాయలదో చెప్పడం తెలిసినవాళ్ళ పని. రుద్ది కడిగితే వాళ్ళకు కూడా చేతగాదు. మట్టితోనే కాగితంలో చుట్టాను.

1878 నాటి నిధుల చట్టం సంగతి అప్పుడు మామకు చెప్పాను. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే, ఏమి దొరికింది, ఎక్కడ, ఏనాడు అన్నది రాసి కలెక్టరుకు తెలపాలి. దాచితే ఏడాది వరకు జైలు. హక్కుదారు లేడని తేలి, సర్కారు తీసుకోకుండా వదిలేస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక దొరికినవాడికీ, పాతిక నేల యజమానికీ.

"పది రూపాయలా? టీ కూడా రాదు గదప్పా!" అన్నాడు మామ. "ఐనా చేను నాది, పాతిక నాకా?"

"సగం సగమని ఇప్పుడే రాసుకుందాం మామా."

"రాగిబిళ్ళలో సగం నాకెందుకు? రేపు ఎవరైనా వచ్చి చేనంతా తవ్వుతామంటే విత్తనం ఎప్పుడు వేసేది? అది చెప్పు."

ఆయన భయం ఉత్తది కాదు. ఊళ్ళో సగంమంది నోరు మూసుకోవడానికి కారణం అదే. చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరకు వేపచెట్టునుంచీ, బావినుంచీ తాడుతో దూరం కొలిచి, అర్జీ రాశాం. తేదీ, లోతు, అన్నీ పెట్టాను. సంతకం చేసేముందు మామ ఇంకొక్క వాక్యం రాయమని పట్టుబట్టాడు: గుంత అప్పుడే పూడ్చినాము, ఇంకేమీ లేదు.