చేయి తిరుగుటకు కాలము కావలెను



తోటపనివానిని గూర్చి మాటవచ్చినపుడు, "వానికి విద్య యేమి? కాయకష్టము మాత్రమే గదా" యని పలుకువారు కలరు. మనలో కొందఱు తలిదండ్రులును తమ బిడ్డలతో నట్లే చెప్పుచున్నారు. ఈ మాట సరికాదని మా యభిప్రాయము. పనిలోనే పుట్టి పనిలోనే పెరుగు విద్య యొకటి కలదు. అందులకు సింగపూరే సాక్షి.

1876వ సంవత్సరమున హెన్రీ విక్‌హామ్ అను నాంగ్లేయుడు బ్రెజిలు దేశమునుండి సుమారు 70,000 రబ్బరు విత్తనములను లండను చెంతనున్న క్యూ ఉద్యానమునకు చేర్చెను. అచట మొలచినవానిలో 22 మొక్కలు 1877లో సింగపూరునకు వచ్చెను. మొక్కలు వచ్చినవి గాని, వాని పాలు తీయు నేర్పు వానితో రాలేదు. బ్రెజిలు అడవులలో చిన్న గొడ్డలితో మ్రానిని నఱకి పాలు పట్టుచుండిరి; దానివలన చెట్టు చెడుచుండెను. 1888లో సింగపూరు వృక్షోద్యానమునకు అధికారియై వచ్చిన హెన్రీ రిడ్లీ చెట్లను మరల మరల గీసి పరీక్షించెను. పాత గాటు అంచుననే పలుచని బెరడును చెక్కుచు వచ్చినచో పాలు మొదటికంటె నధికముగా కారుననియు, చెట్టు చావక గాయము మానుననియు గ్రహించెను. ఆయన గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు. అయినను ఈ సంగతి ఆయనకు కత్తి పట్టి చూచిన పిమ్మటనే తెలిసెను.

1896లో తాన్ చే యాన్ అను చీనా వర్తకుడు మలక్కాలో రబ్బరు తోట వేసెను. అటుపిమ్మట మలయా యంతటను తోటలు వ్యాపించెను. తమిళులతోపాటు విశాఖపట్టణ, గోదావరి మండలముల తెలుగువారును ఓడలెక్కి వచ్చిరి. రిడ్లీ కనిపెట్టిన పద్ధతిని దినదినము నిలిపినవి అట్టివారి చేతులే.

ఆ పని యెట్టిదో చూడుడు. పాలు ప్రవహించు నాళములు బెరడు లోపలి భాగమున దట్టముగా నుండును. వాని వెనుకనే చెట్టును పెంచు సుకుమారమైన పొర కలదు. కత్తి పైపైన పోయెనా, పాలు తక్కువ. లోతుగా దిగెనా, ఆ పొర తెగి, బెరడు బొడిపెలు కట్టి, మరల నచట గాటు వేయ వీలుపడదు. ఈ రెంటికిని నడుమ విడువవలసినది బియ్యపుగింజ మందమైనను ఉండదు. పైగా చెట్టు నీటితో బిగిసియున్న తెల్లవారుజామున, మసక వెలుతురులో, చెట్టు వెంట చెట్టుగా ఈ కొలత తప్పక గీయవలెను. దీనిని విద్య యనక మఱేమందుము?

అయితే ఏండ్లు గడచినంత మాత్రమున నేర్పు రాదు. క్రొత్తవాని ప్రక్కన నిలిచి చూపు పెద్ద యొకడుండవలెను. తాను వేసిన గాటు ఎట్లు మానినదో తానే మరల చూచుకొను నవకాశము కలుగవలెను. బెరడు తిరిగి పెరుగుటకు ఏండ్లు పట్టును. చేసిన తప్పు అపుడు గాని పూర్తిగా బయటపడదు.

ఇచటనే మనమొక న్యాయమును కోరవలసియున్నది. క్రొత్తవానికి కూడ పాల తూకమును బట్టియే కూలి కట్టినచో వాడేమి చేయును? ఇంటిలో పొయ్యి వెలుగవలెను గనుక కత్తి లోతుగా దించును. నేటి తూకము పెరుగును. రేపటి బెరడు పోవును. ఆ తప్పు వాని దొక్కనిదేనా? నేర్చుకొను దినములలో తూకముతో సంబంధములేని కూలి యిచ్చుట ధర్మము. అది వ్యర్థవ్యయమని యజమానులు తలంపవచ్చును. చెడిన బెరడు వలన కలుగు నష్టము అంతకంటె నెక్కువకాలము నిలుచునని వారు మఱవరాదు.

నేడు సింగపూరులో ఆ తోటలు లేవు. రబ్బరు, అనాస తోటల యజమానియైన లిం నీ సూన్ పేరు మీద వెలసిన ఈషున్‌లో ఇపుడు ఎత్తైన నివాసభవనములున్నవి. అయినను ఆ పాఠము నిలిచియున్నది. అచటి ప్రభుత్వము 2015లో స్కిల్స్‌ఫ్యూచర్ అను నుద్యమమును ప్రారంభించెను. పనిచోటనే విద్య గఱపుటకు సంస్థలకు తోడ్పడు జాతీయ కేంద్రము 2018లో నాన్యాంగ్ పాలిటెక్నిక్‌నందు ఏర్పడెను. ఎన్నో కళాశాలలున్న నగరమే పనిచోటును పాఠశాలగా నంగీకరించినది!

అచటి కట్టడపు పనులలో విదేశ కార్మికులను ప్రాథమిక నైపుణ్యము కలవారనియు, ఉన్నత నైపుణ్యము కలవారనియు రెండు తరగతులుగా నెన్నుదురు. ఉన్నత తరగతివానికై యజమాని ప్రభుత్వమునకు చెల్లించు సుంకము తక్కువ. కార్మికుని నేర్పు యజమానికి లాభమని దీనివలన తేలుచున్నది గదా! ఆ లాభములో కార్మికునికిని భాగముండుట న్యాయము.

కావున పెద్దలారా, మీకు తెలిసిన పని చిన్నదని యెంచకుడు. ఒక్క పడుచువానినైన ప్రక్కన నిలుపుకొని, కత్తి యెట్లు పట్టవలెనో చూపుడు. ఎందుకట్లు పట్టవలెనో కూడ చెప్పుడు. బిడ్డలను బడికి పంపుడు. కాని "మీ తండ్రికేమియు రాదు" అను మాట మాత్రము వారి చెవిని పడనీయకుడు.