గోడకు ఊపిరి, నీటికి త్రోవ

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్న సామెత తెలుగునాట తెలియనివారు లేరు. ఈ రెండింటియందును మనుష్యుని ధనము, ఓర్పు, పరువు మూడును పరీక్షకు వచ్చునని దాని తాత్పర్యము. అయితే పెండ్లి ఐదు దినములలో ముగిసిపోవును. ఇల్లు మూడు తరములు నిలువవలెను. కావున ఇల్లు కట్టువాడు తన కొక్కనికే కాదు, ఇంకను పుట్టని మనుమలకును జవాబు చెప్పవలసినవాడు. నేడు కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములలోను వాని చుట్టుప్రక్కల గ్రామములలోను సాగుచున్న గృహనిర్మాణమును ఈ దృష్టితో పరిశీలింపవలసి యున్నది.

2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైనది. నాటినుండి భూముల ధర పెరిగినది. జాతీయ రహదారి ప్రక్కను, రైలుకట్ట కావలను క్రొత్త కాలనీలు వెలసినవి. పదవీవిరమణ సొమ్ముతో ఉపాధ్యాయుడును, గల్ఫు దేశములలో చెమటోడ్చిన సొమ్ముతో కూలివాని కుమారుడును, వ్యాపారపు లాభముతో షావుకారును డూప్లెక్స్ ఇండ్లు కట్టుచున్నారు. ముందుభాగమున అద్దములు, నేలపై గ్రానైటు, కప్పుక్రింద మరియొక తెల్లని కప్పు, దానిలో దాగిన దీపములు: ఇవి ఇప్పటి వైభవ చిహ్నములు. ఇందు తప్పేమియు లేదు. పూరిగుడిసెలో పుట్టినవాడు మేడ కట్టుకొనుట ఆనందింపదగిన విషయము. పొగచూరిన వంటయింటినుండి ఇల్లాలు విముక్తి పొందుట, ప్రతి ఇంటను మరుగుదొడ్డి ఏర్పడుట సామాన్యమైన మేలు కాదు. కాని వైభవమన నేమి, అది ఎంతకాలము నిలుచును, దాని వెల ఎవరు చెల్లింతురు అను ప్రశ్నలను మాత్రము అడుగక తప్పదు.

ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు దూరము పోనక్కరలేదు. కామారెడ్డికి కొద్ది దూరమున దోమకొండ గడి యున్నది. సాహిత్య విద్యార్థులకు ఈ ప్రాంతము పరాయిది కాదు. షట్చక్రవర్తి చరిత్రమును రచించిన కామినేని మల్లారెడ్డి బిక్కనవోలు ప్రభువు. ఆ బిక్కనవోలే నేటి భిక్కనూరు. ఆయన సోదరుడు ఎల్లారెడ్డియు కవియే. ఈ వంశమువారి పేర్లమీదనే కామారెడ్డి, ఎల్లారెడ్డి అను ఊళ్ళ పేర్లు ఏర్పడినవని స్థానికముగా ప్రతీతి కలదు. దిన దినము బస్సుపలకపై చదువు పేర్ల వెనుక ఒక కవికుటుంబ మున్నదని ఎందరు విద్యార్థులకు తెలియును? ఊరి పేరునకే అర్థము తెలియనినాడు ఊరి గోడలకు విలువ తెలియుట కష్టము.

ఆ వంశమువారి తరువాతి రాజధాని దోమకొండ. బురుజులు, కందకము, లోపల కాకతీయుల శైలిని తలపించు మహాదేవుని ఆలయము, సున్నపు నగిషీలతో అద్దాలమేడ: ఇవి ఆ గడిలోని ముఖ్యభాగములు. హైదరాబాదు రాష్ట్రము 1948లో భారతదేశమున చేరినది; మరుసటి యేట జాగీర్లు రద్దయినవి. ఆ పిమ్మట తెలంగాణములోని అనేక గడులవలెనే ఇదియు కళదప్పినది. గోడలలో రావిమొక్కలు మొలచినవి, కప్పులు కూలినవి. అయితే ఇతర గడులలో కొన్నింటి రాళ్ళు ఎవరి పునాదులకో తరలిపోగా దోమకొండ గడి మాత్రము నిలిచినది. ఆ వంశీయులు ఒక ట్రస్టును నెలకొల్పి, సంవత్సరముల తరబడి ఓపికతో దానిని మరమ్మతు చేయించిరి. 2022లో యునెస్కో సంస్థ ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు ఇచ్చు సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారములలో దోమకొండ గడికి 'అవార్డ్ ఆఫ్ మెరిట్' లభించినది. అదే సంవత్సరము గోలకొండ మెట్లబావులకును పురస్కారము దక్కినది. తెలంగాణమునకు ఒకేసారి రెండు గౌరవములు లభించుట పండుగ చేసికొనదగిన విషయమే.

ఆ మరమ్మతులోని రహస్యము పూర్వపు సున్నపు పనితనమును తిరిగి చేపట్టుటలో నున్నది. డంగుసున్నము అను మాట నేటి విద్యార్థులు వినియుండకపోవచ్చును. సున్నపురాతిని బట్టీలో కాల్చి, నీటితో విరియించి, ఇసుకతో కలిపి, వలయాకారపు కాలువలో ఎద్దులు లాగు రాతిచక్రము క్రింద దినముల తరబడి నూరెడివారు. అదియే గానుగసున్నము. కరక్కాయలను, బెల్లమును నానవేసిన నీటిని అందు కలుపుట వాడుక. బెల్లపు వ్యాపారమునకు పేరుపొందిన కామారెడ్డి ప్రాంతములో ఈ మాట చెప్పుట విశేషమేమియు కాదు; గోడకు సైతము తీపి పెట్టి పెంచిన నేల ఇది.

ఈ పనితనము వెనుక శాస్త్రమున్నది. సున్నము గాలిలోని బొగ్గుపులుసు గాలిని మెల్లమెల్లగా పీల్చుకొని మరల సున్నపురాయిగా మారును. ఏండ్లు గడచినకొలది అది గట్టిపడును. సున్నపుగోడ వానకాలములో తేమను పీల్చి ఎండకాలములో విడిచిపెట్టును. అనగా ఊపిరి పీల్చును. చిన్న పగుళ్ళు పడినచో లోపలి సున్నము నీటితో కరిగివచ్చి వానిని కొంతవరకు పూడ్చును. సిమెంటు గుణము వేరు. అది త్వరగా గట్టిపడును, అధిక భారమును మోయును; అంతస్తులు లేపుటకు, వంతెనలు కట్టుటకు దానికి సాటిలేదు. కాని పాత సున్నపుగోడపై సిమెంటు పూత పూసినచో తేమ బయటకు పోలేక లోపలనే నిలిచి, పూతను ఊడగొట్టి, గోడను క్రుళ్ళించును. 'బాగుచేయుట' అను పేరుతో పాత ఇండ్లకు జరుగుచున్న అపకారములలో ఇది మొదటిది. వైద్యుడు రోగి తత్త్వమెరుగక మందిచ్చినట్లే, గోడ తత్త్వమెరుగక మేస్త్రీ తాపీ పట్టరాదు. ప్రపంచములో వెలువడు బొగ్గుపులుసు గాలిలో సుమారు 7, 8 శాతము సిమెంటు తయారీ వలననే కలుగుచున్నదను సంగతియు సైన్సు ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది.

ఇక్కడ ఒక ఆక్షేపణ పుట్టవచ్చును. గడి యనగా తెలంగాణములో కేవలము కట్టడము కాదు. అది వెట్టికి మారుపేరు. ఎందరో వడ్డెరలు, ఉప్పరులు, వడ్రంగులు, కమ్మరులు కూలి ముట్టక మోసిన రాళ్ళు తెలంగాణపు గడుల గోడలలో ఉన్నవి. 1946 నుండి 1951 వరకు సాగిన సాయుధ పోరాటములో ప్రజలు గడులపై తిరుగబడుటకు కారణ మిదియే. అట్టి గడులను మరల నిలబెట్టుట గతించిన దొరతనమునకు పట్టముగట్టుట కాదా అని అడుగువారి మాటను త్రోసిపుచ్చరాదు. అయినను కట్టడమును కూల్చినంతమాత్రమున వెట్టి చరిత్ర మాసిపోదు. ఆ చరిత్రకు సాక్ష్యము మాత్రమే మాసిపోవును. చేయవలసినది వేరొకటి యున్నది. గడి ద్వారమున దొరల వంశావళితోపాటు రాయి కొట్టినవాని కులవృత్తికి, సున్నము నూరినవాని నేర్పునకు స్థాన మీయవలెను. పిల్లలను గడి చూపుటకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు "ఇది ఎవరు కట్టించిరి?" అని అడిగి ఊరకుండక, "ఇది ఎవరు కట్టిరి?" అనియు అడుగవలెను. రెండు ప్రశ్నలు కలిసిననే చరిత్ర పూర్తియగును.

గడి సంగతి అటుండగా, సామాన్యుని ఇంటి సంగతి మరింత ముఖ్యమైనది. ఈ ప్రాంతపు పాత భవంతి ఇండ్లను పరికించినవారికి అందలి వివేకము తెలియును. నడుమ వాన, వెలుతురు దిగు ఖాళీస్థలము, చుట్టును మొగురముల వరుస, లావైన మట్టిగోడలు, పైన దూలములు, వాసములు, గూనపెంకులు, గింజలు దాచుకొనుటకు అటుక, వీథివైపు బాటసారి కూర్చుండుటకు అరుగు. మే నెల మధ్యాహ్నమున కూడ అర్రలో చల్లదన ముండెడిది. నేటి మేడలో అద్దపు గోడ గుండ ఎండ లోనికి వచ్చును. దానిని వెడలగొట్టుటకు శీతలయంత్రము తిరుగును. దాని వేడి ప్రక్కవాని కిటికీపై పడును. అరుగు పోయి ప్రహరీ వచ్చినది. బాటసారికి నీడ పోయినది. పాత ఇండ్లలో చీకటి, చెదలు, కురియు పెంకులు, ఏటేట మరమ్మతు లేకపోలేదు. వానినే మరల కట్టుకొనుడని ఎవరును చెప్పరు. కాని వానిలోని సూత్రములను వదలుట దేనికి? కేరళములో స్థిరపడిన లారీ బేకర్ (1917-2007) అను వాస్తుశిల్పి ఇటుకల కూర్పులో ఖాళీలు వదలి గోడను చల్లబరచెను. కప్పులో పెంకులు పొదిగి సిమెంటును తగ్గించెను. ఈజిప్టులో హసన్ ఫతీ మట్టియిటుకల కమానులతో పేద రైతులకు గ్రామము నిర్మింప యత్నించెను. ఇద్దరును చాటిన సూత్ర మొక్కటే: ఆ నేలలో దొరకు వస్తువుతో, ఆ నేల పనివాని చేతితో, ఆ నేల ఎండవానలకు తగిన ఇల్లు. 2024 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన ఇందిరమ్మ ఇండ్ల పథకములో లబ్ధిదారునకు 5 లక్షల రూపాయల సహాయము నిర్ణయింపబడినది. అట్టి చిన్న ఇంటికే ఈ సూత్రములు ఎక్కువ అవసరము. ధనవంతుడు తన పొరపాటును విద్యుత్తుతో కప్పిపుచ్చుకొనగలడు, పేదవాడు కొనలేడు.

గోడ తరువాత చెప్పవలసినది నేల. నిజమునకు నేలయే మొదటిది. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాపై ఆకాశము విరిగిపడినది. రాజంపేట మండలములోని అర్గొండలో ఒక్కదినమున 40 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. కామారెడ్డి పట్టణమున వాగు ప్రక్కన వెలసిన కాలనీలు నీట మునిగినవి. ముంగిట నిలిపిన కార్లు కొట్టుకొనిపోయినవి. జనము మేడలపై కెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. రైలుకట్ట కోతబడి బండ్లు నిలిచిపోయినవి. జాతీయ రహదారి కూడ దెబ్బతిన్నది. అదే వరద ఎల్లారెడ్డివైపు నాగిరెడ్డిపేట మండలములోని పోచారము ప్రాజెక్టును ముంచెత్తినది. 1922 నాటికి పూర్తియైన ఆ ఆనకట్ట, తన కేర్పరచిన పరిమితికి మించిన ప్రవాహము తలపైనుండి దుముకుచున్నను తట్టుకొని నిలిచినది. నూరేండ్ల ఆనకట్ట నిలువగా నిన్నమొన్నటి కాలనీ మునుగుటలో విద్యార్థి నేర్వదగిన పాఠమున్నది. ఆనాటి ఇంజనీరు నీటి త్రోవను ముందుగా కొలిచి, తరువాత రాయి పేర్చినాడు. ఈనాడు రాయి ముందు పేర్చి, నీరు ఎటుపోవునో తరువాత చూతమను తొందర ప్రబలినది.

చెరువు శిఖమును, వాగు ఒడ్డును గజముల లెక్కన అమ్మినవాడు సొమ్ము చేసికొని వెడలిపోవును. అనుమతి ఇచ్చిన అధికారి బదిలీపై పోవును. మిగులువాడు కొన్నవాడే. ముప్పది యేండ్ల కొలువులో కూడబెట్టిన సొమ్ము, బ్యాంకు అప్పు, కూతురి పెండ్లికి దాచిన బంగారము అన్నియు ఆ నేలలో పోసినవాడు వరదరాత్రి మేడపై నిలిచి తన ఇంట బురద చేరుట చూడవలసి వచ్చును. నీటికి పట్టా లేదు, దస్తావేజు లేదు. కాని తన త్రోవ అది ఎన్నటికిని మరువదు. ఇటాలియన్ పాలరాయి పరచిన గదియైనను, పేడతో అలికిన గదియైనను దానికి సమానమే.

ఈ దుస్థితిని నివారించుటకు పట్టణప్రణాళికయే సాధనము. కాని ప్రణాళిక ప్రజల నమ్మకము పొందవలెను. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదా తమ పంటభూములను పారిశ్రామిక ప్రాంతములో చేర్చినదని రైతులు వీథికెక్కిరి. తుదకు పురపాలక సంఘము దానిని రద్దుచేయుచు తీర్మానించినది. రైతు అడుగకుండ అతని భూమిపై గీత గీచుట ఎంత తప్పో, ఎవరును ఏ గీతయు గీయకుండ పట్టణమును పెరుగనిచ్చుట అంత తప్పు. మొదట చెరువులు, అలుగులు, కాలువలు, వాగులు గుర్తించిన పటమును వార్డువార్డునను గోడపై వ్రేలాడదీయవలెను. తరువాతనే ఇండ్ల పటము గీయవలెను. 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టము వాననీటిని నేలలో ఇంకించు గుంతలను గూర్చి చెప్పినది. లక్షలు పోసి ఇంటి ముఖమునకు అద్దములు తొడుగువారు ఆ గుంతకు కొన్ని వేలు వెచ్చించుటకు వెనుదీయుట విచారకరము.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇందు చేయగలిగినది చాల కలదు. ప్రతి పాఠశాలయు తన ఊరిలో నిలిచియున్న నాలుగు పాత ఇండ్లను ఎన్నుకొని, గోడ మందమును కొలిచి, తలుపుల చెక్కడములను బొమ్మగీచి, మొగురము, వాసము, కడప, గూన, అటుక వంటి మాటలను వ్రాసి యుంచవచ్చును. ఇల్లు కూలినప్పుడు ఇటుకలతోపాటు మాటలును కూలును. తెలుగు పాఠము చెప్పువారికి ఈ నష్టము చిన్నది కాదు. సున్నము నూరుట ఎరిగిన ముదుసలి మేస్త్రీ ఎక్కడనైన నున్నచో ఆయనను తరగతికి పిలిచి గౌరవింపవలెను. ఊరి పెద్దలను "పూర్వము ఈ నీరు ఎటు పారెడిది?" అని అడిగి పటము గీచిన పిల్లవాడు, రేపు తండ్రి స్థలము కొనుటకు పోవునాడు ఒక్క మాట అడ్డు చెప్పగలడు. ఆ ఒక్క మాట ఒక కుటుంబపు జీవితకాలపు కష్టార్జితమును కాపాడవచ్చును. పాలిటెక్నిక్ విద్యాలయములు సిమెంటు, ఉక్కుతోపాటు సున్నపు పనిని, పాత కట్టడముల మరమ్మతును బోధించినచో యువకులకు నాలుగు మెతుకులు సంపాదించు విద్య కూడ లభించును. దోమకొండ వంటి పనులకు పనివారిని దూరదేశములనుండి వెదకు అవసరము తప్పును.

ఇల్లు కట్టువారు మంచి ఇల్లే కట్టుకొందురు గాక. అందమును కోరుట మానవసహజము. శక్తికొలది వెచ్చించుట వారి హక్కు. కాని పునాది త్రవ్వుటకు ముందు శంకుస్థాపన ముహూర్తమును అడిగినంత శ్రద్ధగా నీటి త్రోవను గూర్చియు అడుగవలెను. గృహప్రవేశమునాడు చుట్టములు మెచ్చుకొనునది ఇంటి ముఖమును. ఇంటి గుణము తెలియునది వాన నాటి రాత్రి.