నల్లా నీటిపై ఉన్న శ్రద్ధ మడి నీటిపై ఏది?

సిద్దిపేట జిల్లాలో నీటి కరువు అనే మాట ఇదివరకటిలా వినరావడం లేదు. 2020 ఏప్రిల్‌లో రంగనాయకసాగర్‌కు, ఆ మరుసటి నెలలో కొండపోచమ్మసాగర్‌కు గోదావరి జలాలు చేరాయి. 50 టి.ఎం.సి.ల మల్లన్నసాగర్ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. మక్క, జొన్న తప్ప ఎరుగని చెలకల్లో వరి నాట్లు పడ్డాయి. మరోవైపు ఇంటింటికీ నల్లా నీరు వచ్చింది. మిషన్ భగీరథకు 2016 ఆగస్టు 7న ప్రారంభోత్సవం జరిగింది కూడా గజ్వేల్ దగ్గరి కోమటిబండలోనే.

సంతోషించవలసిన విషయమే. అయితే తాగే నీటిని శుద్ధి చేసి ఇంటికి పంపుతున్నవారు, రైతు, కూలీ పొద్దస్తమానం కాళ్లు పెట్టి నిలబడే నీటిని గురించి ఆలోచించినట్లు కనబడదు. నాటు వేసే ఆడకూతురు ఇంటి దగ్గర శుభ్రమైన నీరు రెండు చెంబులు తాగుతుంది. తర్వాత పొద్దుగూకే వరకు ఆమె కాళ్లూ చేతులూ మడి నీటిలోనే నానుతాయి. ఆ నీరెలాంటిదో పరీక్షించిన వారెవరు?

ఇంకొక సంగతి కూడా ఉన్నది. బావి నుంచి బిందెలతో మోసుకొచ్చుకున్న రోజుల్లో నీటిని పొదుపుగా వాడేవారు. నల్లా వచ్చాక వాడకం పెరిగింది. వాడిన నీరంతా మోరీలో పడుతుంది. మోరీ ఊరి పల్లానికి పారుతుంది. ఆ పల్లంలో కుంటో, ఎవరి పొలమో ఉంటుంది. మరుగుదొడ్డి గుంత నిండితే ఆ పొంగు కూడా అదే దారి పడుతుంది. అంటే ఇంట్లోకి శుభ్రంగా వచ్చిన నీరే ఊరిదాటి పొలానికి చేరేసరికి రోగాల నీరవుతున్నది. ఇంటి నీటికొక శాఖ, కాలువ నీటికొక శాఖ ఉన్నాయి. మధ్యనున్న మోరీ నీటికి మాత్రం దిక్కు లేదు.

మురుగునీటి సేద్యం ఏం చేస్తుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. హైదరాబాదు దిగువన పీర్జాదిగూడ మొదలుకొని మూసీ వెంట ఏళ్ల తరబడి ఆ నీటితోనే గడ్డి, ఆకుకూరలు, వరి పండిస్తున్నారు. ఆ నీరే లేకపోతే ఆ కుటుంబాలకు బతుకుతెరువు లేదు. కనుక వారిని నిందించడం భావ్యం కాదు. కాని శుద్ధి చేయని మురుగుతో సాగుచేసే కుటుంబాలలో కొంకి పురుగు, ఏలికపాముల బాధ మిగతావారికంటె ఎక్కువని అక్కడ పరిశోధనలు జరిపినవారు 2008లో ప్రకటించారు. మురుగులో నత్రజని ఎక్కువ కాబట్టి వరి ఏపుగా పెరిగి పడిపోవడం, తాలుపోవడం కూడా జరుగుతుంది. ఎరువు ఖర్చు తగ్గిందని సంబరపడే రైతు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొంకి పురుగు నోటి ద్వారానే రానక్కరలేదు. మలంతో బయటపడిన గుడ్లు తడిమట్టిలో పొదిగి, వట్టికాళ్లతో నడిచేవారి వేళ్ల సందుల్లోంచి శరీరంలోకి దూరతాయి. మొదట దురద పుడుతుంది. బురద పుండ్లనుకొని పసుపు రాసుకుని ఊరుకుంటాం. ఆ పురుగు పేగులకు చేరి రక్తం పీలుస్తుంది. మనిషి పాలిపోతాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. గర్భవతికైతే తల్లికీ బిడ్డకూ ముప్పే. బలం తగ్గిందని సూదులు వేయించుకుంటూ కైకిలి డబ్బులన్నీ పోగొట్టుకునేవారు, అసలు కారణం కాళ్ల కింద ఉన్నదని ఎరుగరు. పాఠశాలల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చే జాతీయ కార్యక్రమం 2015 నుంచి సాగుతున్నది. మంచిదే. అది పందొమ్మిదేళ్ల వయసుతో ఆగిపోతుంది. నాట్లు వేసేది వారి తల్లులు కదా!

దోమల సంగతి సరేసరి. బోదకాలు దోమకు మురుగు ఇష్టం, మెదడువాపు దోమకు వరిమడి ఇష్టం, చలిజ్వరం దోమ కాలువ ఊటల్లోని తేటనీటిలో కూడా పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా మడిని ఒకసారి ఆరగడితే పిల్లపురుగులు చస్తాయి. ఆరుతడి పద్ధతిలో నీరు ఆదా అవుతుందని వ్యవసాయాధికారులు చెబుతూనే ఉన్నారు. జ్వరాలు కూడా తగ్గుతాయని చెబితే రైతు మరికాస్త శ్రద్ధగా వింటాడేమో! ఐతే ఒక్క రైతు ఆరగట్టి లాభం లేదు. ఆయకట్టంతా కలిసి వంతులు పెట్టుకోవాలి.

మోరీ నీటికి విరుగుడు మన జిల్లాలోనే ఉన్నది. ఇబ్రహీంపూర్ గ్రామస్థులు ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకొని వాడిన నీటిని వాకిట్లోనే ఇంకించారు. దోమలు లేని ఊరని దానికి పేరు వచ్చింది. చూడటానికి ఎందరో వచ్చిపోయారు. చూసిపోయినంత ఉత్సాహంగా ఎన్ని ఊళ్లు తవ్వాయన్నది ప్రశ్న. తవ్వినవి పూడిక తీయక నిండిపోతే తవ్వనట్లే. మరుగుదొడ్డి నీటిని మాత్రం వీటిలోకి వదలరాదు. అది తాగునీటి బోర్లను పాడుచేస్తుంది.

మురుగుతో పండించక తప్పనిచోట, కోతకు కొన్ని రోజుల ముందు ఆ నీరు ఆపితే ఎండకు క్రిములు చాలావరకు చస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లోనే సూచించింది. కొత్తిమీర, పుదీనా వంటి పచ్చిగా తినేవాటిని ఆ నీటితో పెంచకపోవడం మేలు. కోసిన కూరను అదే కాలువలో కడిగి అంగడికి తెచ్చే అలవాటు మానాలి.

వచ్చే నాట్లకు ముందే పంచాయతీలు మోరీలు ఎక్కడ కలుస్తున్నాయో నడిచి చూడాలి. కుంటలోకి, పొలంలోకి వదిలిన చోట్లను మూయించి ఇంకుడు గుంతలకు మళ్లించాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులు నాట్ల కూలీలకు రక్తపరీక్ష జరిపి, అవసరమైనవారికి మాత్రలివ్వాలి. కూలికి పిలిచిన ఆసామి, మధ్యాహ్నం తాగడానికీ చేతులు కడుక్కోవడానికీ నల్లా నీటి క్యాను ఒకటి, సబ్బు ఒకటి గట్టుమీద ఉంచాలి.