68 శాతం అంటే ఎంత?

"పర్సంటేజీదేముందిరా, జీఆర్ఈ బాగా కొట్టెయ్, చాలు." మన ఇంజనీరింగు కాలేజీల్లో సీనియర్లు జూనియర్లకి ఏళ్ళ తరబడి చెప్పిన మాట ఇది. 2020 తరవాత చాలా అమెరికన్ యూనివర్సిటీలు ఎమ్మెస్‌కి జీఆర్ఈ అక్కర్లేదనేశాయి. దాంతో బరువంతా నాలుగేళ్ళ మార్కుల మీదా, రికమెండేషన్ లెటర్ల మీదా పడింది. మరి ఆ మార్కుల్ని అక్కడివాళ్ళు ఎలా చదువుతారు?

అమెరికాలో చాలాచోట్ల కనీసం 4కి 3.0 జీపీఏ అడుగుతారు. మనవాడు 68ని వందతో భాగించి నాలుగుతో గుణిస్తాడు. 2.72 వస్తుంది. గుండె జారిపోయి అప్లై చెయ్యడం మానేస్తాడు. నిజానికి ఆ లెక్కే తప్పు. మనకి 60 దాటితే ఫస్ట్ క్లాసు, వాళ్ళకి 90 దాటితేనే ఏ గ్రేడు. ఈ సంగతి అడ్మిషన్లు చూసేవాళ్ళకి తెలుసు కాబట్టే చాలామంది "మార్కులు మార్చకండి, మీ స్కేల్లోనే పంపండి" అంటారు.

జర్మనీ వాళ్ళది ఇంకో పద్ధతి. అక్కడ 1 అంటే అత్యుత్తమం, 4 అంటే బొటాబొటీగా పాసు. బవేరియన్ ఫార్ములా ప్రకారం గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠ మార్కుకీ పాసు మార్కుకీ మధ్య తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలుపుతారు. పాసు మార్కు 40 అయితే 70 శాతం 2.5 అవుతుంది. పాసు మార్కు 50 అయితే అదే 70 శాతం 2.8. అంటే పాసవ్వడం కష్టమైన చోట చదివినవాడికే గ్రేడు తగ్గుతుందన్నమాట!

ఏ ఫార్ములాకీ తెలియనిది ఒకటుంది. ఆ 70 వచ్చినవాడు క్లాసులో మూడోవాడా, నలభయ్యోవాడా? దీని కోసమే రికమెండేషన్ ఫారాల్లో "టాప్ 5 శాతమా, 10 శాతమా, 25 శాతమా" అని అడుగుతారు. మన దగ్గర ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. లెటరు కుర్రాడే రాసుకుంటాడు, సారు సంతకం పెడతారు, అందరూ టాప్ 5 శాతమే. అందరూ టాపైతే, నిజంగా టాపైనవాడి మాట ఎవరు నమ్ముతారు? పేపర్లు కఠినంగా దిద్దే యూనివర్సిటీలో 68 తెచ్చుకుని క్లాసు ఫస్టు వచ్చినవాడు, మార్కులు ధారపోసే కాలేజీలో 85 తెచ్చుకున్న సగటు విద్యార్థి ముందు తేలిపోతాడు.

దీనికి మందు పెద్ద కష్టమేం కాదు. ట్రాన్స్క్రిప్టు మీద ఆ బ్రాంచిలో ఎంతమంది ఉన్నారు, సగటెంత, ఈ విద్యార్థి స్థానమేంటి అని మూడు అంకెలు వేస్తే చాలు. యూరప్‌లో ఈసీటీఎస్ మార్గదర్శకాలు కూడా గ్రేడ్ల పంపిణీ పట్టిక జతచెయ్యమనే చెబుతాయి. ఫలితాలన్నీ కంప్యూటర్లోనే ఉండే యూనివర్సిటీలకి ఇది ఎంత పని? మన భాషలో చెప్పాలంటే ఒక ఎస్‌క్యూఎల్ క్వెరీ!

అందాకా జూనియర్లకి నాదొక సలహా. మీ కాలేజీ నుంచి ర్యాంకు సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఇవ్వమంటే, కనీసం మీ మార్కులు నిజంగా తెలిసిన సారు చేత ఆ మాట రాయించుకోండి.