పేరులో తేడా.. సుంకంలో భారం

చిప్స్, నూడుల్స్ మసాలా, సూప్ పొడుల ప్యాకెట్ల వెనుక ముద్రించే దినుసుల జాబితాలో ‘ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్’ అన్న మాట తరచూ కనిపిస్తుంది. రుచిని పెంచే ఈ దినుసును విదేశాల నుంచి తెప్పించుకునే చిన్న పరిశ్రమలకు అసలు చిక్కు ఓడరేవులోనే ఎదురవుతుంది. సరుకును ఏ శీర్షిక కింద చూపాలన్నదే ఆ చిక్కు.

ఈస్ట్ వేరు.. సారం వేరు

రొట్టె పిండిని పొంగించే ఈస్ట్, నిర్జీవ ఈస్ట్ రెండూ కస్టమ్స్ పట్టికలో 2102 శీర్షిక కిందకు వస్తాయి. ఈస్ట్ కణాలను వాటి ఎంజైములతోనే కరిగించి తీసే సారం మాత్రం అందులోకి రాదు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వివరణలు దానిని ‘ఇతరత్రా పేర్కొనని ఆహార తయారీల’ శీర్షిక 2106లో చేర్చాయి.

నూటికి రూ.22

2018-19 కేంద్ర బడ్జెట్‌లో సోయా ప్రొటీన్ మినహా 2106 90 కిందికి వచ్చే తయారీలపై సుంకాన్ని 30 నుంచి 50 శాతానికి పెంచారు. 2102 జోలికి పోలేదు. సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జీని కలుపుకొంటే ఆ రేట్ల ప్రకారం రూ.100 సరుకుపై ఈస్ట్‌కు రూ.33, సారానికి రూ.55 కట్టాలి. లక్ష రూపాయల సరుకుకు రూ.22 వేలు తేడా. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండింటిపైనా జీఎస్టీ 5 శాతానికి తగ్గినా, కస్టమ్స్ శీర్షికలు వేర్వేరుగానే ఉండటం గమనార్హం.

బాధ్యత ఎవరిది?

సుంకాన్ని స్వయంగా మదింపు చేసుకోవలసింది దిగుమతిదారుడే. అమ్మకందారు ఇన్వాయిస్‌లో ‘ఈస్ట్ పౌడర్’ అని రాశాడన్న సాకు చెల్లదు. తక్కువ కట్టిన సుంకంపై అధికారులు రెండేళ్లలోగా నోటీసు ఇవ్వవచ్చు. ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే గడువు ఐదేళ్లు. అప్పటికి సరుకు అమ్ముడుపోయి ఉంటుంది. వడ్డీతో సహా భారమంతా చిన్న వ్యాపారి తలపైనే పడుతుంది.

ముందే అడగడం మేలు

ఢిల్లీ, ముంబయిలలోని కస్టమ్స్ ముందస్తు తీర్పుల ప్రాధికార సంస్థలను సరుకు రాకముందే ఆశ్రయించవచ్చు. చట్టం మారనంతవరకు ఆ తీర్పు నిర్ణీత కాలం పాటు చెల్లుతుంది. విశాఖ, కృష్ణపట్నం రేవుల మీద ఆధారపడిన మన చిన్న పరిశ్రమలు ఈ వెసులుబాటును వినియోగించుకోవాలి. కస్టర్డ్ పొడికి, పాన్ మసాలాకు ఉన్నట్లే ఈస్ట్ సారానికీ పట్టికలో విడి పద్దు కేటాయిస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఆ చొరవ చూపాల్సింది కేంద్ర ఆర్థిక శాఖే.