ఆ సూదేనా ఇది?

పోయిన నెలలో ఒక రాత్రి మా అక్క ఫోను చేసింది. ఆమె ఉండేది కొత్తగూడెంలో. మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. పిల్లల డాక్టరు ఆ పిల్లకు గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా టీకా వేయించమన్నారట. కోడలు సరేనంది, కొడుకు చూద్దామన్నాడు. అక్కది మాత్రం ఒకటే ప్రశ్న: "ఏరా, అప్పట్లో మన హాస్టలు పిల్లలకు వేసి, పేపర్లకెక్కి, గొడవయింది చూడు. ఆ సూదేనా ఇది?"

ఆ సూదే అని చెప్పడానికి నాకు కాస్త వ్యవధి పట్టింది. అవునన్న తరువాత అక్కడితో ఆగడానికి వీల్లేదు. ఆనాడు చెప్పవలసినవాళ్ళు చెప్పకపోవడం వల్లనే కదా, ఇన్నేళ్ళ తరువాత ఒక అమ్మమ్మో నాయనమ్మో ఈ ప్రశ్న అడగవలసి వస్తోంది.

2009లో, అప్పటి ఉమ్మడి రాష్ట్రపు ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి ఈ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి తలపెట్టిన పని అది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇటువంటిదే జరిగింది. కొన్నాళ్ళకు టీకా వేసుకున్న పిల్లల మరణవార్తలు వచ్చాయి. ఇక్కడ ఐదుగురు, అక్కడ ఇద్దరు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అంతా ఆపించింది. విచారణ సంఘం చూపిన కారణాలలో పాముకాటు ఉంది, నీట మునగడం ఉంది, పురుగుమందు ఉంది, మలేరియా ఉంది. ఒకటి రెండు మరణాల కారణం తేటగా తేలలేదు. మొత్తం మీద టీకాకు సంబంధం లేదనే ఆ సంఘం తేల్చింది. ఆ విచారణే పైపైన సాగిందని తరువాత పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది.

స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన ఆ నివేదికలో నన్ను పట్టి ఆపినవి వేరే అంకెలు. మన రాష్ట్రానివిగా లెక్కలో చూపిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టలు వార్డెన్ల సంతకాలు. కన్నవాళ్ళు గూడెంలో ఉన్నారు, పిల్ల హాస్టలులో ఉంది, సంతకం వార్డెను చేశాడు. పేదవాళ్ళ పిల్లలు కనక అడగనక్కర లేదనిపించింది కాబోలు.

ఖమ్మం మాట ఎత్తగానే అదంతా చదువులేనివాళ్ళ భయమని కొట్టిపారేసే చదువుకున్నవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ భయానికి కారణం అజ్ఞానం కాదు, అనుభవం. అట్లాగని, ఆ ఉదంతం చూపించి టీకానే విషమనేవాళ్ళతోనూ పేచీయే. అడగకుండా వేయడం ఒక తప్పు. వేసిన మందు మంచిదా కాదా అన్నది మరో ప్రశ్న. ఈ రెండు పద్దులూ ఒకే ఖాతాలో రాయడం వల్ల నష్టపోయేది మళ్ళీ ఆ పిల్లలే.

అక్క అపనమ్మకానికి ఇంకొక మూలం కూడా ఉంది. మా పెద్దమ్మ ఈ జబ్బుతోనే పోయింది. ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనేవారు కాదు. "కడుపులో పుండు" అనేవారు. అక్కకు ముప్పై ఆరో ఏట తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగుహోముకు వెళితే, మీ ఇంట్లో ఉన్న జబ్బే కదా, రేపు కాన్సరవుతుందని చెప్పి గర్భసంచి తీసేశారు. ముందు ఏ పరీక్షా చేయలేదు. ముఖద్వారం మీద దూది పుల్లతో కాసిని కణాలు తీసి చూస్తే ఆ భయం నిజమో కాదో తేలేది. అక్క ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో నూటికి మూడుకు కాస్త పైన. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిదికి పైన. అదే సర్వేలో, ముప్పై దాటిన స్త్రీలలో ముఖద్వార పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు మన రెండు రాష్ట్రాలలోనూ నూటికి ఐదుగురు కూడా లేరు. కోయడానికి ఉన్న తొందర చూడడానికి లేదు.

ఇవన్నీ ఒప్పుకున్న తరువాతే వైరసు సంగతి మొదలుపెట్టాను. చేతుల మీద పులిపిర్లు లేస్తాయి చూశావూ, వాటిని తెచ్చే వైరసుల కుటుంబమే ఇది. పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. రెండు వందలకు పైగా రకాలున్నాయి. కాన్సరు తెచ్చేవి ఓ డజను. అందులోనూ 16, 18 అనే రెండు రకాలే నూటికి డెబ్భై ముఖద్వార కాన్సర్లకు మూలం. ఈ రెంటినీ కాన్సరు కణాలలో 1983, 84లలో పట్టి చూపించిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. అంతకు ముందు చాలామంది వేరే వైరసును అనుమానిస్తూ కూర్చున్నారు.

ఇది దాంపత్య సంబంధం వల్ల సోకుతుంది. అక్క ఇక్కడ మౌనం వహించింది. పెద్దమ్మ గుర్తొచ్చిందని నాకు తెలుసు. అందుకే తొందరపడి చెప్పాను: సంసారం చేసే ఆడా మగా దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది. ఒక్క మనిషితోనే కాపురం చేసిన ఇల్లాలికీ తగులుతుంది. శీలానికీ దీనికీ ముడిపెట్టడం వల్లనే పెద్దమ్మ రక్తం పోతున్నా ఏడాది పాటు నోరు విప్పలేదు. సోకినవాళ్ళలో ఎక్కువమందికి రెండేళ్ళ లోపు ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది. కొందరిలో తిష్ట వేస్తుంది. కణం అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీన్లను పని చేయనీయదు. అయినా కాన్సరుగా మారడానికి సాధారణంగా పదిహేను, ఇరవై ఏళ్ళు పడుతుంది. అంత గడువు ఇచ్చే కాన్సరు మరొకటి అరుదు. ఆ గడువు వాడుకోకపోవడం వల్లనే 2022లో మన దేశంలో ఈ జబ్బు కొత్తగా సుమారు 1,27,000 మందికి వచ్చిందనీ, దాదాపు 80,000 మందిని తీసుకుపోయిందనీ అంచనా.

"మరి సూదిలో ఆ పురుగునే ఎక్కిస్తారా?" అంది. లేదు. వైరసు పైపెంకు మాత్రమే ఉంటుంది. తాలు గింజ లాంటిది, పైన ఊకే తప్ప లోపల బియ్యం లేదు. నాటితే మొలవదు. ఒంటికి శత్రువు ముఖం గుర్తు పట్టడం నేర్పుతుంది, అంతే. అందుకే వైరసు తగలకముందే, తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ మధ్య వేయించమంటారు. 2022లో మన పుణె సీరం సంస్థ చేసిన టీకాకూ అనుమతి వచ్చింది.

అన్నిటికన్నా విచిత్రమైన సంగతి చివర చెప్పాను. 2010లో ఖమ్మం గొడవతో కేంద్రం ఆపించినప్పుడు, దానితో సంబంధం లేని మరొక అధ్యయనం కూడా మధ్యలో నిలిచిపోయింది. రెండు మోతాదులు చాలునా, మూడు కావాలా అని తేల్చడానికి దేశంలోని అనేక చోట్ల జరుగుతున్నది అది. దానితో దాదాపు 5 వేల మంది పిల్లలు ఒక్క మోతాదుతోనే మిగిలిపోయారు. పరిశోధకులు వాళ్ళను వదిలేయలేదు, పదేళ్ళు వెంట ఉన్నారు. 2021లో ఫలితం చూస్తే, 16, 18 రకాలు తిష్ట వేయకుండా ఆపడంలో ఒక్క మోతాదు మూడింటికి దీటుగా పనిచేసింది. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళకు ఒక్క మోతాదైనా సరిపోతుందని ఒప్పుకోవడానికి ఆధారమైనవాటిలో ఇదీ ఒకటి. మూడు సూదులు కొనలేని దేశాల పిల్లలకు ఇవాళ ఒక్కటి అందుతోందంటే, అందులో మన దగ్గర ఆగిపోయిన పనికీ పాలుంది. దీన్ని చూసి సంతోషించాలో సిగ్గుపడాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

అక్క చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నాకు చెప్పినట్టే దానికీ చెప్పు. అడిగి వేయించుదాం" అంది. మరి కోడలికి ముప్పై ఐదు దాటింది కదా, ఆమె పరీక్ష సంగతేమిటంటే, అదీ కనుక్కుంటానంది.

ఆదివారం పిల్లతో మాట్లాడాను. తాలు గింజ దగ్గర నవ్వింది. సూది నొప్పి పెడుతుందా అని అడిగింది, కొంచెం పెడుతుందన్నాను. కాసేపు ఆలోచించి, "మగాళ్ళకూ తగులుతుందన్నావుగా తాతయ్యా, మరి మా అన్నయ్యకు వేయరా?" అంది. ఆస్ట్రేలియాలో 2013 నుంచీ మగపిల్లలకు కూడా వేస్తున్నారని చెప్పాను. "అయితే వాణ్ణీ తీసుకెళ్దాం" అని ఫోను వాడి చేతికిచ్చింది.